నగావోకాకు ఒక రోజు ముందే

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం.

నువ్వు పంపిన జపాను ప్రయాణం పట్టికను మీ అమ్మ పక్కింట్లో అచ్చు తీయించి తెచ్చింది. రెండు రోజులుగా భోజనాల బల్ల మీదే ఉంది. ఒక మూల పప్పు మరక కూడా పడింది. జూలై 26న కాషివజాకి, ఆగస్టు 2న నగావోకా, 15న సువా, 17న కుమానో, నెలాఖరు శనివారం ఒమగారి. ముగ్గురు మనుషులు, ఒక క్యాంపర్ వ్యాను, ఐదు బాణసంచా పండుగలు. ముచ్చటగానే ఉంది. కానీ మ్యాపు ముందు కూర్చుని వేసిన పట్టిక అని చూడగానే తెలిసిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీ స్టీరింగు పట్టినవాణ్ని, కోపం తెచ్చుకోకుండా విను.

సువా, కుమానో కొట్టేశాను. ఆగస్టు 13 నుంచి 16 దాకా ఒబోన్. చనిపోయిన పెద్దలు ఇంటికి వస్తారని అందరూ సొంత ఊళ్లకు బయలుదేరే రోజులని నువ్వే చెప్పావు. అంటే మనకు సంక్రాంతి. సంక్రాంతి ముందు రోజు హైదరాబాదు నుంచి విజయవాడ రోడ్డు ఎలా ఉంటుందో ఆ బస్సు నడిపినవాడికి తెలుస్తుంది. పైగా సువాలో సరస్సు చుట్టూ కొండలు. పేలుడు మోత వాటికి తగిలి తిరిగి వస్తుందని మురిసిపోతూ రాశావు. ఆట ముగిశాక ఆ జనమంతా అదే కొండల సందుల్లోంచి బయటపడాలి కదా! ఆ తోపులాటలోంచి వచ్చి ఒక్క రోజు తేడాలో కుమానో సముద్రం ఒడ్డుకు చేరాలంటావు. చేరతాం. చేరాక ఎవరూ ఎవరితో మాట్లాడం.

ఒమగారి వదులుకోవడం మాత్రం నాకూ బాధే. 1910 నుంచి జరుగుతున్న పోటీ, బాణసంచా తయారుచేసిన పనివాళ్లే తమ గుండ్లు పేల్చి చూపిస్తారు, పగటిపూట రంగు పొగలతో ఇంకో పోటీ. కానీ అప్పటిదాకా నీకు సెలవు ఎవరిస్తారు? అది మరో ఏడు నువ్వు వెళ్లు.

ఇక నగావోకా. అక్కడ ఒక రోజు కలిపాను. నువ్వు 2వ తేదీ సాయంత్రానికి చేరేలా వేశావు. నేను 1వ తేదీ రాత్రికే అక్కడ ఉండాలంటాను. 1945 ఆగస్టు 1 రాత్రి పదిన్నరకు ఆ ఊరి మీద అమెరికా విమానాలు నిప్పుల బాంబులు కురిపించాయి. 1,480 మందికి పైగా పోయారు, ఊళ్లో చాలా భాగం కాలిపోయింది. ఇప్పుడు ఏటా అదే రాత్రి, సరిగ్గా పదిన్నరకు, షినానో నది మీద తెల్లటి పువ్వులు పేలుస్తారు. వేరే రంగు ఉండదు. షిరగికు అంటారట, తెల్ల చామంతి. 2, 3 తేదీల పండుగ అందుకే ఏ వారం వచ్చినా ఆ తేదీల్లోనే జరుగుతుంది, శని ఆదివారాలకు మార్చరు.

ఆ చామంతిని తయారుచేసిన కసే సెయిజి అదే ఊరి మనిషి. యుద్ధం అయ్యాక రష్యావాళ్లకు బందీగా చిక్కి సైబీరియాలో చాకిరీ చేశాడు. 1990లో మళ్లీ అటు వెళ్లి, హబరోవ్స్క్‌లో ఆముర్ నది ఒడ్డున, అక్కడే చనిపోయిన తోటివాళ్ల కోసం ఇదే పేల్చాడు. మీ అమ్మకు ఇది చదివి వినిపిస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తర్వాతి రెండు రాత్రుల హంగామా సరేసరి. సన్షకుదమ అనే గుండు ఒక్కటే 300 కిలోలు, 90 సెంటీమీటర్ల అడ్డకొలత. ఆరు బియ్యం బస్తాలు ఒక్కసారిగా 600 మీటర్ల పైకి లేచి, అంతకన్నా వెడల్పుగా విచ్చుకున్నట్టు. ముందు వెలుగు, ఊపిరి తీసుకునేంత వ్యవధి, ఆ తర్వాత గుండెల మీద దెబ్బ. 2004లో అక్కడ వచ్చిన భూకంపం తర్వాత మొదలైన ఫీనిక్స్ అనే బాణసంచా వరస అయితే నది పొడవునా దాదాపు రెండు కిలోమీటర్ల మేర లేస్తుందట. ఒక మూల నుంచి ఇంకో మూలకు చూడాలంటే మెడ తిప్పాల్సిందే. టికెట్లకు లాటరీ అన్నావు, ఇప్పుడే పేర్లు ఇచ్చెయ్. ఆట అయ్యాక వ్యాను కదలదు. పుష్కరాల స్పెషల్ బస్సులు నడిపినప్పుడు నేర్చుకున్నది ఇదొక్కటే: జనం కదిలేటప్పుడు డ్రైవరు పడుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరదాం, అక్కడ అప్పటికే వెలుతురు రావడం మొదలవుతుంది.

కాషివజాకికీ నగావోకాకీ మధ్య మిగిలే రోజుల్లో యమకోషి వెళ్దాం. ఆ భూకంపానికి బాగా దెబ్బతిన్న కొండ ఊళ్లు. మెట్ల పొలాల మధ్య చెరువుల్లో రంగురంగుల కోయి చేపలు పెంచుతారట. గోదావరి జిల్లాలో చేపల చెరువులు చూసిన కళ్లకు అవి ఎలా ఉంటాయో చూడాలి. తినే చేపలు కావని మీ అమ్మకు ముందే చెప్పాను. కొండ మీద రాత్రి కాస్త చల్లగా ఉంటుందన్న ఆశ కూడా ఉంది. ఆగస్టులో కింద వ్యానులో పడుకుంటే ఇడ్లీల్లా ఉడుకుతాం. రాత్రంతా ఇంజను ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకోవడం కుదరదు, పక్కవాళ్లకు నిద్ర ఉండదు. ఇలాంటి వ్యానులు రాత్రి ఆపుకోవడానికి కరెంటు ఇచ్చే ఆర్వీ పార్కులు ముందుగా బుక్ చెయ్.

రోడ్డు పక్కన బళ్లు ఆపుకునే విశ్రాంతి చోట్లు, మిచినోఎకిలో ఉచితంగా పడుకోవచ్చని రాశావు. దేశమంతటా 1,200కు పైగా ఉన్నాయి, మరుగుదొడ్లు రాత్రీ పగలూ తెరిచే ఉంటాయి, నిజమే. కానీ అవి అలసిన డ్రైవరు ఓ కునుకు తీయడానికి పెట్టినవి. అక్కడ కుర్చీలు వేసి పొయ్యి వెలిగిస్తే మర్యాద కాదు. క్యాంపర్ వ్యాను అంటే మీకు సరదా గానీ, నాకు అది నైట్ హాల్ట్. పల్లెటూళ్లో చివరి ట్రిప్పు ఆపి, బస్సు టాపు మీద దోమతెర కట్టుకుని ఎన్ని రాత్రులు పడుకున్నానో! పొద్దున్నే పాల క్యానులవాళ్లు లేపేవారు.

బండి సంగతి. నువ్వు చూసిన 660 సీసీ బుల్లి బండి వద్దు. పొడవు 3.4 మీటర్లట. మీ అమ్మ పొడుల డబ్బాలకే సరిపోతుంది. టొయోటా వాళ్ల పెద్ద వ్యాను, హైయేస్ తీసుకో. పైకప్పు ఎత్తించినది అయితే 2.1 మీటర్ల అడ్డకర్ర ఉన్న పార్కింగులోకి దూరదు, అది గుర్తుంచుకో. పదకొండు మీటర్ల బస్సు తిప్పినవాడికి అదేమీ లెక్క కాదు, పైగా అక్కడా ఎడమవైపే నడపడం. ఒక్కటి అలవాటు చేసుకుంటున్నాను: రైల్వే గేటు తెరిచి ఉన్నా సరే, బండి పూర్తిగా ఆపి చూసుకుని దాటాలట. మన దగ్గర కాపలా లేని గేటు దగ్గర కండక్టరు దిగి ముందు నడవాలని చట్టం. ఈసారి కండక్టరువి నువ్వే. టోక్యో నుంచి వెళ్లేటప్పుడు కన్-ఎత్సు సొరంగం నాకు వదిలెయ్. పదకొండు కిలోమీటర్ల సొరంగంలో నేను ఎప్పుడూ బండి నడపలేదు.

నా అంతర్జాతీయ లైసెన్సు వచ్చింది. మటన్ పచ్చడి తేవద్దని మీ అమ్మకు గట్టిగా చెప్పు. మాంసం ఏ రూపంలో ఉన్నా విమానాశ్రయంలో తీసేసుకుంటారని నేను చెబితే నమ్మడం లేదు.

ఇంకొక మాట, ఇది నేను రాయకూడదనుకున్నాను. సెప్టెంబరు 9, 10 తేదీల్లో కటకై గ్రామంలో గుడికి మొక్కుగా బాణసంచా పేలుస్తారని, ఎవరి తరఫున ఎందుకు పేలుస్తున్నారో మైకులో చదువుతారని నువ్వు రాశావు కదా. పుట్టిన బిడ్డకు, పోయిన తాతకు, బడిలో కలిసి చదివినవాళ్లకు. అప్పటికి మేము తిరిగి వచ్చేస్తాం. నిన్న రాత్రి మీ అమ్మ అడిగింది, బయటి ఊరివాళ్ల పేరు కూడా చదువుతారా అని. మీ నానమ్మ దీపావళికి నెల ముందు నుంచే జిల్లేడు బొగ్గు నూరి, బీడు రజను కలిపి, చిచ్చుబుడ్లు కూరి డాబా మీద ఎండబెట్టేది. నీకు గుర్తుండదు, నీకప్పుడు మూడేళ్లు. చిన్నదైనా ఒక్కటి, ఎంత అవుతుందో కనుక్కుని రాయి.

నాన్న