కుచ్చు మీద వాలిందల్లా పిచ్చుక కాదు

సంపాదకులకు నమస్కారం.

వరికోతలయ్యాక వసారాల్లో, గుళ్లలో కట్టే వరి కుచ్చుల మీద ఏ గోధుమరంగు పిట్ట వాలినా పిచ్చుక అనేస్తున్నాం. చలికాలంలో అంత తొందరపడితే అరుదైన పిట్టలు కళ్లెదుటే తప్పిపోతాయి.

ముందు నెత్తి చూడాలి. ఆడ పిచ్చుకకు నెత్తిన చారలుండవు. కంటి వెనక లేతరంగు పట్టీ, వీపున నల్లచారలు ఉంటాయి. నెత్తిన కూడా చారలుండి, ముక్కు లావుగా, తోక పొట్టిగా ఉంటే అది గిజిగాడు. గూళ్లు కట్టే కాలం దాటాక మగవాటి పసుపు టోపీ పోతుంది కాబట్టి ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వీపున చారలే లేక, రెక్క మీద రెండు తెల్లగీతలుంటే కొండ పిచ్చుక. దాని గొంతు మీది పసుపు మచ్చనే నమ్ముకోవద్దు, ఆడవాటికి అది సరిగా కనిపించదు. రొమ్ము మీద చారలు, తోక చివర చీలిక, ఏ పట్టీ లేని ముఖంలో నల్లపూసలాంటి కన్ను ఉంటే, అది హిమాలయాల నుంచి, ఆ పైప్రాంతాల నుంచి వలస వచ్చే వెదురు పిచ్చుకల్లో ఆడదో, పిల్లో. ఎర్రతల మగదాన్ని అందరూ గుర్తుపడతారు, దీన్ని ఎవరూ పట్టించుకోరు.

జీనువాయిలు (మునియాలనే చిన్న గింజతినే పిట్టలు) కావాలంటే కొర్ర కంకులు కూడా కట్టండి. గింజలు నేల మీద చల్లితే పావురాలు మూగి చిన్నపిట్టల్ని రానివ్వవు. సన్నతాడుకు ఊగే కుచ్చు మీద పావురం నిలవలేదు. పిడికెడు లావు కుచ్చును ఆరేడు అడుగుల ఎత్తున, పిల్లి దూకగల గోడకు దూరంగా కట్టాలి. అద్దాల కిటికీ ఉంటే దానికి మూడడుగుల లోపే కట్టడం మేలు, బెదిరి ఎగిరినా గట్టిగా గుద్దుకునేంత వేగం రాదు. మంచుకు తడిసి బూజుపట్టిన కుచ్చును వెంటనే తీసేయాలి, ఆ బూజు పిట్టల ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. నాట్లకు తెచ్చి మిగిలిన, రంగు పూసిన విత్తనాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. ఆ రంగుతోపాటు పట్టించేది మందు. సంక్రాంతికి తెగిన గాలిపటం దారం కుచ్చుకు చిక్కుకుందేమో రోజూ చూడాలి.

పొద్దు పొడిచాక మొదటి గంటలో గమనించండి. ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా జరిగే పెరటి పక్షుల లెక్కింపులో కనీసం 15 నిమిషాలు చూసి, పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్‌ వెబ్‌సైట్‌లో నమోదు చేయవచ్చు. అరుదైనదాన్ని నమోదు చేస్తే అక్కడ నమోదుల్ని సరిచూసేవారు ఆధారం అడుగుతారు. అందుకే నెత్తి, వీపు, రొమ్ము మూడూ కనిపించేలా ఫొటోలు తీసి ఉంచుకోవాలి. పాఠకులు పంపే పిట్టల ఫొటోలు ప్రచురించేటప్పుడు మీరూ ఈ మూడూ చూసి పేరు వేయాలని మనవి.

ఇట్లు,
ఒక పక్షి పరిశీలకుడు, కాకినాడ