మంత్రిగారూ, మమ్మల్ని కాసేపు కూర్చోనివ్వండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

ప్రజావాణిలో అర్జీ పెట్టుకున్నాం. లేబర్ ఆఫీసులోనూ కాగితం ఇచ్చి వచ్చాం. తీసుకున్నవాళ్లు ముద్ర వేసి, పరిశీలిస్తామన్నారు. ఆ తర్వాత మమ్మల్ని పిలిచినవాళ్లు లేరు, మా షాపు వైపు వచ్చి చూసినవాళ్లు లేరు. అందుకే ఇలా అందరూ చదివేలా మీకు రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఒక చీరల దుకాణంలో సేల్స్‌లో పనిచేస్తాను. మొత్తం ఏడుగురం, అందులో ఐదుగురం ఆడవాళ్లం. జీతం సంగతి, పీఎఫ్ సంగతి వేరే రాయాలి. ఈ లేఖలో నేను అడిగేది ఒక్కటే. గిరాకీ లేనప్పుడు కూర్చోవడానికి మాకు ఒక స్టూలు కావాలి.

ఇంత చిన్న విషయం మంత్రిదాకా ఎందుకని మీ ఆఫీసులో ఎవరైనా అనొచ్చు. పొద్దున షట్టర్ తీసినప్పటి నుంచి రాత్రి దించేదాకా నిలబడి చూస్తే అది చిన్న విషయం అనిపించదు సార్. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అని షాపుల చట్టంలో ఉంది. మాకు పన్నెండు గంటలు దాటుతుంది. మధ్యలో అన్నానికి వెనక గోడౌన్‌లో ఇరవై నిమిషాలు. అక్కడ మూటల మీద కూర్చుంటాం. రోజు మొత్తంలో మేం కూర్చునేది అంతే.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు షాపులోకి మనిషి రాడు. ఎండాకాలం అయితే బజారే ఖాళీ. అప్పుడు కూడా కౌంటర్ వెనక నిలబడే ఉండాలి. గోడకు ఆనుకోకూడదు, ర్యాకు మీద చెయ్యి పెట్టకూడదు. సీసీ కెమెరా సేటు ఫోన్‌కు కలిపి ఉంటుంది. ఆయన ఇంట్లో ఉన్నా చూస్తుంటారు. కొంచెం ఒరిగితే కౌంటర్ మీది ఫోన్ మోగుతుంది. "గిరాకీ వచ్చేటప్పటికి మీరు కూర్చుని ఉంటే ఏం బాగుంటుంది?" అంటారు. పక్క షాపులో అయితే కూర్చున్నందుకు జీతంలో కోత పెడతారు. అది నేను ఊరికే చెప్పడం లేదు, అక్కడ పనిచేసే ఆమె చెబితేనే రాస్తున్నాను.

పాత బజారులో బట్టల దుకాణాలు మీకూ గుర్తుండే ఉంటాయి. తెల్ల దుప్పటి వేసిన పరుపు మీద అమ్మేవాళ్లు, కొనేవాళ్లు అందరూ కూర్చునేవాళ్లు. చీర విప్పి ముందర పరిచేవాళ్లు. వ్యాపారం బాగానే నడిచింది, ఎవరి మర్యాదా తగ్గలేదు. అద్దాల కౌంటర్లు వచ్చాక కొనేవాళ్లకు కుర్చీలు వేశారు, అమ్మేవాళ్లకు లేకుండా చేశారు.

మా కాళ్లు చూడండి సార్. సాయంత్రానికి మడమల దగ్గర వాచి చెప్పులు పట్టవు. మాలో ఇద్దరికి పిక్కల్లో నరాలు నీలంగా ఉబ్బాయి. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టర్ చెప్పాడు, మందులు రాశాడు. మందులు కొన్నాం. నిలబడకుండా ఉండటం మా చేతుల్లో లేదు. నెలసరి రోజుల్లో నడుము విరిగిపోతున్నా మొహం నవ్వుతూ పెట్టి చీరలు విప్పుతూనే ఉంటాం. షాపులో బాత్రూం లేదు, వెనక సందులో ఇంకో బిల్డింగ్‌లోకి పోవాలి. మాటిమాటికి అడగలేక నీళ్లే తక్కువ తాగుతాం. దాంతో మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు. దీన్ని బయట చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడే ఆడవాళ్లం మేం. అయినా చెబుతున్నాను.

మాతో పనిచేసిన ఒక చెల్లె ఏడో నెల వచ్చేదాకా అట్లనే నిలబడింది. ఆఖరికి కళ్లు తిరిగి పడిపోతే వాళ్లాయన వచ్చి తీసుకుపోయాడు. ఆమెకు ప్రసూతి సెలవు రాలేదు, డబ్బులు రాలేదు. పది మంది ఉన్న షాపు అయితేనే ఆ చట్టం వర్తిస్తుందట. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్రం కార్మిక చట్టంలో (లేబర్ కోడ్‌లో), నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాశారు. అదీ పది మంది ఉన్నచోటే. ఏడుగురు పనిచేసే చోట కాళ్లు నొప్పి పెట్టవా సార్? రాష్ట్రంలో ఏ బజారుకు పోయినా నలుగురైదుగురితో నడిచే షాపులే కదా ఎక్కువ కనిపించేవి.

ఇది జరగని పని అయితే అడిగేదాన్ని కాదు. కేరళలో కోళికోడ్‌లోని మిఠాయి తెరువు అనే బజారులో పి. విజి అనే దర్జీ, మాలాంటి షాపుల ఆడవాళ్లను కూడగట్టి బాత్రూంల కోసం, కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి కొట్లాడింది. 2018లో అక్కడి ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా సవరించింది. ప్రతి షాపులో ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. మన చట్టం 1988 నాటిది. షాపులు 24 గంటలూ తెరుచుకోవచ్చని 2023లో ఉత్తర్వు ఇచ్చారు. షాపులు కాకుండా మిగతా కమర్షియల్ సంస్థల్లో రోజుకు పది గంటల పనికి 2025 జులైలో ఉత్తర్వు ఇచ్చారు. అవి ఇవ్వడానికి కుదిరినప్పుడు మా స్టూలుకు ఒక ఉత్తర్వు ఎందుకు కుదరదు?

మా సేటు చెడ్డవాడని నేను అనను. మా పాప స్కూల్ ఫీజుకు అడ్వాన్స్ ఇచ్చింది ఆయనే. "మీరంతా మా ఇంటి మనుషులు" అంటారు, మనసులో నుంచే అంటారు. కానీ ఇంటి మనిషిని పన్నెండు గంటలు నిలబెట్టరు కదా. చిన్న షాపుల్లో ఇదే కష్టం. అడగాలంటే మొహమాటం, అడిగితే కృతజ్ఞత లేదంటారు. యూనియన్ లేదు, మేనేజర్ లేడు, చెప్పుకోవాలంటే ఆయనకే చెప్పుకోవాలి. చెప్పలేనివాళ్లు మానేసి పోతారు. ప్రతి సీజన్‌కూ కొత్త పిల్లలు వస్తారు. వాళ్లకు గద్వాల అంచు ఏదో, పోచంపల్లి ఏదో నేర్పేలోపే కాళ్లు నొప్పులని పోతారు. పాత గిరాకీ వచ్చి "ఆ అమ్మాయి లేదా?" అని అడిగి, చూడకుండానే వెళ్లిపోతుంది. ఇందులో సేటుకు కూడా నష్టమే. పక్క షాపువాళ్లు స్టూళ్లు వేయనప్పుడు తానొక్కడే ఎందుకు వేయాలని ఆయన ఆలోచన. అందరికీ ఒకే ఉత్తర్వు ఉంటే ఆయనకూ ఆ ఇబ్బంది ఉండదు.

శ్రావణం, దసరా, పెళ్లి ముహూర్తాలు వస్తే వారం సెలవు కూడా ఉండదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఊరి ఆడవాళ్లందరికీ చీరలు చూపించేది మేమే. సద్దుల బతుకమ్మ నాడు షాపు మూసి మేం ఇల్లు చేరేటప్పటికి బతుకమ్మలు చెరువులో వేసేసి అందరూ ఇళ్లకు వచ్చేసి ఉంటారు. దీని గురించి మిమ్మల్ని ఏమడగాలో నాకు తెలియదు. కానీ మీకు తెలియాలి.

షాపు ఎంత చిన్నదైనా సరే, కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టంలో రాయండి. కూర్చున్నందుకు జీతం కోయకూడదని రాయండి. బాత్రూం దగ్గరలో ఉండాలని రాయండి. రాసి వదిలేయకండి సార్, ఎవరినైనా పంపించి చూడమనండి. ఏ బజారుకైనా మధ్యాహ్నం మూడు గంటలకు వస్తే చాలు, మమ్మల్ని ఏమీ అడగక్కర్లేదు. ఎవరు ఫిర్యాదు చేశారని మాత్రం సేటు ముందు అడగొద్దని చెప్పండి. లేబర్ ఆఫీసులో ముందు అడిగిందే అది, మాలో సగం మంది అక్కడి నుంచే వెనక్కి తిరిగారు.

నా పేరు రాయడం లేదు, క్షమించండి. ఈ పని నాకు కావాలి.

ఇట్లు,
చీరల దుకాణంలో పనిచేసే ఒక ఉద్యోగిని,
హనుమకొండ