మన పార్కు స్థలం గురించి, అందరూ చదవండి

అందరికీ నమస్కారమండీ. పార్కులో సగం తీసుకుని కల్యాణ మండపం కట్టుకుందామని నిన్న గ్రూపులో వచ్చిన మాట గురించి రాస్తున్నాను. గుంటూరులో ఫంక్షన్ హాళ్ల అద్దెలు ఎలా ఉన్నాయో నాకూ తెలుసు. మండపం కావాల్సిందే, కానీ పార్కులో వద్దు.

ఆ స్థలం మనలో ఎవరి సొంతమూ కాదు. లేఅవుట్ వేసినప్పుడే అందరి కోసం ఖాళీగా వదిలింది. బెంగళూరులో ఇలాగే పార్కుకు ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే కాలనీవాళ్లు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చింది. ఆసుపత్రికే కుదరనిది మన భోజనాల హాలుకు కుదురుతుందా?

ఇంకో సంగతి. గేటు పక్కన కానుగ చెట్టు మొదలు చూశారా? టైల్స్ వేసినప్పుడు కాండాన్ని ఆనించి సిమెంటు పోసేశారు. అక్కడ బెరడు ఒరుసుకుని ఉబ్బిపోయింది. వేళ్లకు నీళ్లూ గాలీ సరిగా అందక, రేపు పెద్ద గాలివానొస్తే ముందు పడేది అదే. మే నెలలో పిల్లలు ఆడుకునేదీ, మాలాంటి ముసలివాళ్లం పేపరు చదివేదీ దాని కిందే కదా. చుట్టూ కనీసం మూడడుగులు సిమెంటు తీయించాలి. అదీ సుత్తి, ఉలితో నెమ్మదిగా, వేళ్లు తెగకుండా.

సోమవారం కార్పొరేషన్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇద్దాం. ప్రహరీ, బోరు మోటారు రిపేరు, పార్కు అని పెద్ద బోర్డు అడుగుదాం. బోర్డు ముఖ్యం, లేకపోతే ఎవరి కన్నైనా పడుతుంది. సంతకాలకు ఆదివారం పొద్దున ఏడింటికి గేటు దగ్గరికి రండి. ఇక్కడ బొటనవేలు ఎమోజీ పెట్టేస్తే సరిపోదండోయ్. ఇంటి పన్ను రసీదు జిరాక్సు కూడా తెచ్చుకోండి.