అద్దె ఇంట్లో బాయిలర్ ఆగితే బాధ్యత ఎవరిది?

సంపాదకులకు,

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మన పిల్లలు, అద్దె ఇంట్లో జనవరి చలికి ఇంటిని, నీళ్లను వేడిచేసే గ్యాస్ బాయిలర్ మొరాయిస్తే, యజమానిని అడగడానికి మొహమాటపడి రగ్గులు కప్పుకుని రోజులు నెట్టుకొస్తున్నారు. ఇలాంటి అద్దెల్లో దాన్ని బాగుచేయించాల్సింది యజమానేనని 1985 నాటి చట్టం చెబుతోంది. ఫోనుతో సరిపెట్టక ఈమెయిల్ పంపాలి. బాయిలర్‌లోని వృథా నీరు పోయేందుకు గోడ బయట దిగే ప్లాస్టిక్ గొట్టంలో ఆ నీరు గడ్డకట్టినా బాయిలర్ ఆగుతుంది. గొట్టంపై గోరువెచ్చని నీళ్లు (మరిగేవి కాదు) పోసి రీసెట్ నొక్కితే చాలాసార్లు మళ్లీ వెలుగుతుంది. మూత విప్పే పని మాత్రం గ్యాస్ పనులకు అనుమతి ఉన్నవారి అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవారిదే. తక్కువకు చేస్తానంటూ తెలిసినాయనే వచ్చినా, ఏయే పనులకు అర్హుడో గుర్తింపు కార్డు వెనుక చూడాలి. ఇక్కడి తెలుగు సంఘాలు స్వాగత సభల్లో సన్మానాలు కాస్త తగ్గించి, కొత్త విద్యార్థులకు ఈ సంగతులు చెప్పాలని మనవి.

– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్