ఉగాది నుంచి ఉగాది వరకు: మన చదరంగ సంఘం వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఈ సభకు వచ్చిన సభ్యులకు, దూరదేశాల నుంచి ఫోన్లలో వింటున్నవారికి నమస్కారం.

సభ్యత్వం, శిబిరాలు, జమాఖర్చులు ముందు చెప్పి, టోర్నమెంట్ల సంగతి చివర చెప్పడం మన ఆనవాయితీ. ఈసారి ఆ వరుస మారుస్తున్నాను. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువగా చర్చించింది, ఎక్కువగా మథనపడింది ఒకే విషయం మీద. ఆన్‌లైన్‌లో రోజుల లెక్కన ఆడే మన టోర్నమెంట్‌లో ఒక్కో ఎత్తుకు ఎంత గడువు ఉండాలన్నదే ఆ విషయం. చూడటానికి చిన్న నిబంధనే. కానీ ఈ సంవత్సరం మన సభ్యుల మధ్య వచ్చిన ప్రతి మనస్పర్థకూ మూలం అక్కడే ఉంది.

కొత్తగా చేరినవారి కోసం కొంచెం వివరిస్తాను. ఈ పద్ధతిలో ఇద్దరు ఆటగాళ్ళూ ఒకేసారి బోర్డు ముందు కూర్చోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్న సభ్యుడు రాత్రి భోజనం ముగించి ఒక ఎత్తు వేస్తాడు. డాలస్‌లో అప్పటికి పొద్దెక్కి ఉంటుంది. అక్కడి సభ్యురాలు తనకు తీరికైనప్పుడు చూసుకుని జవాబు వేస్తుంది. పది, పదకొండు గంటల తేడా ఉన్న రెండు ఊళ్ళవాళ్ళు ఎవరి నిద్రా చెడకుండా పూర్తి స్థాయి ఆట ఆడుకోగల దారి నాకు తెలిసి ఇదొక్కటే. మన సంఘం తెలుగు రాష్ట్రాలు దాటి గల్ఫ్‌కు, అమెరికాకు విస్తరించింది కూడా దీనివల్లనే.

దసరాకు మొదలుపెట్టిన మన టోర్నమెంట్‌కు గడువు ఎత్తుకు 3 రోజులు. గ్రూపుకు ఆరుగురు. ప్రతివారితోనూ ఒకసారి తెల్లపావులతో, ఒకసారి నల్లపావులతో ఆడాలి. అంటే ఒక్కొక్కరికి ఏకకాలంలో 10 ఆటలు. సంక్రాంతికి మొదటి రౌండు ముగించి, ఉగాదికి విజేతను ప్రకటించాలని అనుకున్నాం. మొదటి రౌండు పోయిన నెలలో ముగిసింది. రెండో రౌండు ఇంకా మొదలు కాలేదు. ఎదురుచూసిన సభ్యులందరికీ కార్యవర్గం తరఫున క్షమాపణ చెబుతున్నాను.

తప్పు మా లెక్కలోనే ఉంది. మూడు రోజులంటే చెవికి తక్కువగానే వినిపిస్తుంది. కానీ ఆట 40 ఎత్తుల వరకు సాగితే ఇద్దరివీ కలిపి 80 ఎత్తులు. ఇద్దరూ ప్రతి ఎత్తుకూ గడువంతా వాడుకుంటే 240 రోజులు, అంటే ఎనిమిది నెలలు. అందరూ అలా ఆడరు, నిజమే. కానీ గ్రూపులో ఒక్క ఆట అలా సాగినా మిగిలిన అందరూ ఆగాల్సిందే. మాకు ఎదురైనది అదే. ఒక ఆటలో మంత్రిని పోగొట్టుకుని, గెలిచే ఆశ లేని స్థితిలో ఉన్న ఒక సభ్యుడు ప్రతి ఎత్తుకూ రెండున్నర రోజులు తీసుకున్నారు. ఆయన ఏ నిబంధననూ మీరలేదు. ఆయన వాడుకున్నది మేము ఇచ్చిన సమయాన్నే. సభ్యుల గ్రూపులో ఆయన మీద వచ్చిన మాటలు బాధ కలిగించాయి. లోపం మా నిబంధనలో ఉంటే నింద ఆయన మీద పడింది.

ఇక రెండో వైపు చూడండి. అదే మూడు రోజుల గడువు మరికొందరికి ఏమాత్రం చాలలేదు. భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో ఊళ్ళకు వెళ్ళినవాళ్ళు గడువు దాటి ఓడిపోయారు. బస్సులో సీటు దొరకని హడావిడిలో, ఇంటినిండా చుట్టాలున్నప్పుడు పది ఆటలు గుర్తుపెట్టుకోవడం ఎవరికి సాధ్యం? ఇంటర్ పరీక్షలు రాసే పిల్లలదీ ఇదే పరిస్థితి. ఫోను ఇంట్లోవాళ్ళు తీసి దాచిపెడతారు, ఆ పని చేసినందుకు వారిని తప్పుపట్టలేం.

వీటన్నిటికంటే నన్ను కలచివేసిన సంఘటన ఒకటి ఉంది. మన సభ్యురాలొకరు ఏనుగుల ఎండ్‌గేమ్‌లో, అంటే ఆట చివరి దశలో, రెండు బంట్ల ఆధిక్యంతో గెలుపు ముంగిట ఉన్నారు. ఆ వారం వాళ్ళ నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చారు. నాలుగో రోజు ఆమె ఫోను తెరిచేసరికి ఆట ఓడిపోయినట్టు నమోదై ఉంది. ఆమె ఫిర్యాదు చేయలేదు. విశాఖలో ఉండే ఆమె ప్రత్యర్థి మాకు ఉత్తరం రాశారు. ఆ గెలుపు తనది కాదనీ, పాయింటు ఆమెకే ఇవ్వమనీ కోరారు. కార్యవర్గం ఆ రాత్రి చాలాసేపు చర్చించింది. నిబంధన ఒకరికి సడలిస్తే, సంక్రాంతికి గడువు దాటి ఓడినవారికి ఏం జవాబు చెప్పాలి? చివరికి ఫలితాన్ని మార్చలేదు. ఆ నిర్ణయానికి నేనూ చేయి ఎత్తాను. అది సరైనదేనా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఒకే గడువు ఒకచోట అతిగా, మరోచోట కొరతగా ఎలా తేలింది? ఈ ప్రశ్న పట్టుకుని ఇతరులు ఏం చేస్తున్నారో చూశాం.

ఈ ఆటకు వయసు చాలా ఎక్కువ. లండన్, ఎడిన్‌బరో క్లబ్బులు ఉత్తరాల మీద ఆడిన పోటీ 1824లో మొదలై 1828లో ముగిసింది. ఎడిన్‌బరో గెలిచింది. మన పిల్లలు శిబిరంలో నేర్చుకునే స్కాచ్ ఆరంభానికి ఆ పేరు ఆ పోటీతోనే వచ్చింది. 1951లో అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య, అంటే ఐసీసీఎఫ్, ఏర్పడింది. పోస్టుకార్డుల కాలంలో వారి లెక్క 10 ఎత్తులకు 30 రోజులు. కార్డు దారిలో గడిపిన రోజులు ఎవరి ఖాతాలోనూ పడేవి కావు. కార్డు చేతికి అందిన రోజు నుంచి జవాబు పోస్టు చేసిన రోజు వరకే లెక్క. మన సంఘంలో పెద్దవారైన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు వేసవి శిబిరంలో ఆనాటి అంకెల భాషను పిల్లలకు నేర్పించారు. గళ్ళకు రెండు వైపులా అంకెలే కాబట్టి 5254 అని రాస్తే రాజు ముందున్న బంటు రెండు గళ్ళు ముందుకు వెళ్ళినట్టు. భాష తెలియని దేశంవాళ్ళతో కూడా ఆడుకోవడానికి అంతే చాలు. ఆ రోజు పిల్లలు భోజనాల దగ్గర కూడా అంకెల్లోనే మాట్లాడుకున్నారు.

ఐసీసీఎఫ్ ఆన్‌లైన్‌కు మారాక బాగా వాడుకలోకి వచ్చిన గడువు 10 ఎత్తులకు 50 రోజులు. ఇందులో ఒక గొప్ప సుగుణం ఉంది. తెలిసిన ఆరంభాన్ని ఆటగాడు వారంలో ఆడేస్తే, మిగిలిన రోజులు అతని ఖాతాలోనే ఉంటాయి. నడిమి ఆటలో చిక్కు వచ్చినప్పుడు వాటిని ఖర్చు చేసుకోవచ్చు. మనం పెట్టుకున్న ఎత్తుకు మూడు రోజుల పద్ధతిలో అది లేదు. గంటలో జవాబు వేసినవారికి మిగిలిన 71 గంటలు గాలికి పోతాయి. కష్టమైన స్థితి ఎదురైన రోజున నిన్నటి చురుకుదనం అక్కరకు రాదు. మన సభ్యురాలు ఆ ఆటలో అంతకుముందు వేసిన ఎత్తులన్నీ ఒక్క రోజులోపు వేసినవే. ఆమె మిగిల్చిన సమయం ఆమెకే ఉండి ఉంటే నాలుగు రోజులు కాదు, నాలుగు వారాలైనా ఆట ఆగేది.

అయితే ఆ పద్ధతిలోనూ చిక్కు ఉంది. ఖాతాలో రోజులు పోగుచేసుకున్నవారు నెల దాకా మౌనంగా ఉండిపోవచ్చు. అందుకే ఒకే ఎత్తు మీద 20 రోజులు దాటితే, ఆపైన ప్రతి రోజునూ రెండు రోజులుగా లెక్కించే నియమాన్ని వారు పెట్టుకున్నారు. చెస్.కామ్, లీచెస్ వంటి ఆన్‌లైన్ చదరంగ వేదికల్లో 1, 2, 3, 5, 7, 10, 14 రోజుల గడువులు దొరుకుతాయి. అవన్నీ ఎత్తుకు ఇన్ని రోజులనే పద్ధతే. రెడ్‌హాట్‌పాన్ అనే వేదికలో మరో దారి ఉంది. ఎత్తుకు నిర్ణీత రోజులు ఇస్తారు, అవి దాటితే ఆట పోదు, దాటిన సమయం టైమ్‌బ్యాంకు నుంచి, అంటే ఆట మొత్తానికి ముందే ఇచ్చిన అదనపు సమయం నుంచి, తగ్గుతుంది. గో అనే మరో బల్లాట ఆడేవాళ్ళ ఓజీఎస్ వేదికలో, ఎత్తు వేసిన ప్రతిసారీ కొంత సమయం కలిపే ఫిషర్ గడియారాన్నే రోజుల్లోకి మార్చుకున్నారు. 3 రోజులతో మొదలు, ఎత్తుకు 1 రోజు కలుస్తుంది, ఎంత కూడబెట్టినా 7 రోజులు మించదు. 1992లో మాజీ ప్రపంచ విజేతలు ఫిషర్, స్పాస్కీ ఆడినప్పుడు బల్లమీద నిమిషాల్లో పనిచేసిన సూత్రమే అక్కడ రోజుల్లో పనిచేస్తోంది.

ఇవన్నీ పరిశీలించాక కార్యవర్గం టైమ్‌బ్యాంకు వైపు మొగ్గింది. ప్రతిపాదన ఇది: ఎత్తుకు 1 రోజు, ఆట మొత్తానికి ఒక్కొక్కరికి 21 రోజుల టైమ్‌బ్యాంకు. వినగానే ఒక్క రోజేనా అని కంగారుపడినవారు ఉన్నారు. దయచేసి లెక్క చూడండి. 40 ఎత్తులకు 40 రోజులు, బ్యాంకు 21, వెరసి 61. ఇద్దరివీ కలిపితే 122 రోజులు, నాలుగు నెలలు. పాత పద్ధతిలో ఎనిమిది నెలలు పట్టగల ఆట ఇందులో సగంలో తేలుతుంది. మరోవైపు, రోజూ చూసుకునే ఆటగాడికి సంక్రాంతి వస్తే, ఇంట్లో ఆపద వస్తే, మూడు వారాలు దూరంగా ఉండే వీలుంటుంది. మొత్తం సమయం తగ్గింది, అవసరానికి అందే సమయం పెరిగింది. నాకు ఈ ప్రతిపాదన నచ్చడానికి కారణం ఇదే.

దీనిని కార్యవర్గంలో గట్టిగా వ్యతిరేకించినవారు ఒకరున్నారు. ఆయన మాట విన్నాక ప్రతిపాదనను సవరించాం. గల్ఫ్‌లో పనిచేసే మన సభ్యులు కొందరికి చదరంగానికి కుదిరేది శుక్రవారం ఒక్కరోజే. వారానికి ఒక ఎత్తు వేసేవారికి ప్రతిసారీ బ్యాంకు నుంచి ఆరు రోజులు తగ్గుతాయి. నాలుగో ఎత్తుకే ఆట పోతుంది. చురుకైనవారి సౌకర్యం కోసం వారిని బయటికి పంపడం న్యాయం కాదు. కాబట్టి వారపు విభాగం పేరుతో విడిగా ఒక పోటీ ఉంటుంది. ఎత్తుకు 7 రోజులు, గ్రూపుకు నలుగురు, ఒక్కటే రౌండు. 40 ఎత్తుల ఆట 560 రోజులు పట్టవచ్చు. పట్టనివ్వండి. దాని కోసం ఆగే రెండో రౌండు లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఈ విభాగం పెట్టాలని మొదట అన్నది, మనం ఇందాక చెప్పుకున్న విశాఖ సభ్యులే.

ప్రధాన విభాగంలోనూ గ్రూపును ఆరుగురి నుంచి నలుగురికి తగ్గిస్తున్నాం. ఏకకాలంలో 10 ఆటలు 6కు తగ్గుతాయి. గడువు దాటి ఓడటానికి గడియారం ఎంత కారణమో, మోయలేనన్ని ఆటలు నెత్తిన వేసుకోవడం కూడా అంతే కారణమని నా అనుభవం. రౌండు మొదలైన 130వ రోజున ఇంకా తేలని ఆటలుంటే ముగ్గురు సభ్యుల సంఘం స్థితిని పరిశీలించి తీర్పు ఇస్తుంది. రాజులతో కలిపి ఏడు పావులకు మించకుండా మిగిలిన స్థితులకు టేబుల్‌బేస్‌లు, అంటే కంప్యూటర్లు ముందే పూర్తిగా లెక్కించి పెట్టిన పట్టికలు, కచ్చితమైన ఫలితం చెబుతాయి కాబట్టి అక్కడ వివాదమే ఉండదు. మిగతా స్థితుల్లో ఇద్దరు ఆటగాళ్ళూ తమ విశ్లేషణను రాసి పంపాలి.

ఎత్తుకు రోజుల తరబడి గడువుంటే కంప్యూటర్ సాయం తీసుకోరా అని పలువురు అడిగారు. ఐసీసీఎఫ్ ఇంజిన్లను, అంటే ఎత్తులు లెక్కించి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములను, అనుమతిస్తుంది, అది వారి సంప్రదాయం. చెస్.కామ్, లీచెస్‌లలో రోజుల లెక్కన ఆడే ఆటకు ఆరంభాల పుస్తకాలు, డేటాబేస్‌లు చూడవచ్చు, ఇంజిన్ కూడదు. మనదీ ఈ రెండో దారే. ఈ ఏడాది రెండు అనుమానాలు వచ్చాయి, రెండూ నిరాధారమని తేలాయి. పేర్లు చెప్పకుండా విచారణ జరిపిన ఉపసంఘానికి కృతజ్ఞతలు.

వేసవి శిబిరం పది రోజులు జరిగింది. అక్కడ ఒక ఎనిమిదో తరగతి పాప నన్ను అడిగింది: హంపి గారు 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ (వేగపు ఆట) టైటిళ్ళు గెలిచారు కదా, మనం ఇంత నెమ్మదిగా ఎందుకు ఆడాలి? ర్యాపిడ్‌లో చూసి తెలుసుకున్నదాన్ని ఇక్కడ తవ్వి తెలుసుకోవచ్చని చెప్పాను. ఆ పాప ఇప్పుడు మూడు ఆటలు ఆడుతోంది, ఒక నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి ఎత్తు పక్కనా తన ఆలోచన రాస్తోంది. పుస్తకం మొన్న నాకు చూపించింది. అందులో ఒకచోట ‘ఇక్కడ గుర్రం కదిపితే శకటుకు దారి వస్తుంది, కానీ రేపు మళ్ళీ చూడాలి’ అని రాసుకుంది. మర్నాడు వేరే ఎత్తు వేసింది, అదే మంచి ఎత్తు.

జమాఖర్చుల పట్టిక అందరికీ ముందే పంపాం. లెక్కలు తనిఖీ అయ్యాయి, అభ్యంతరాలు లేవు. గ్రంథాలయానికి పుస్తకాలు ఇచ్చిన దాతలకు ధన్యవాదాలు. బోర్డులు, గడియారాలు భద్రపరచడానికి బీరువా అవసరం ఇంకా తీరలేదు.

ఈ సభ ఓటు వేయాల్సినవి మూడు: టైమ్‌బ్యాంకు పద్ధతి, వారపు విభాగం, 130వ రోజు తీర్పు. ఆసుపత్రి, మరణం, ప్రసూతి వంటి అత్యవసరాల్లో ప్రత్యర్థి ఒప్పుకుంటే ఆటను కొత్తగా అదే స్థితి నుంచి కొనసాగించే నాలుగో అంశాన్ని నేను వ్యక్తిగతంగా ప్రతిపాదిస్తున్నాను. కార్యవర్గంలో దీని మీద ఏకాభిప్రాయం లేదు, కాబట్టి చర్చకు పెడుతున్నాను. సభ ఆమోదిస్తే నిరుటి ఆ ఏనుగుల ఎండ్‌గేమ్‌ను ఆగిన చోటి నుంచి ఆడటానికి ఇద్దరు సభ్యులూ సిద్ధంగా ఉన్నారు. ఎత్తు తెల్లపావులది.

ఇట్లు,
కార్యదర్శి