ఆటోమేటిక్ మార్పిడి ఆపేశాం: ఎందుకు ఆపాం, ఇకపై మీ ఫైల్ ఎలా వెళ్తుంది

మా దగ్గర డ్రాయింగ్ ఫైళ్లు ఇచ్చి మెషిన్ ప్రోగ్రామ్‌లు తీసుకెళ్లే పాత కస్టమర్లందరికీ,

డీఎక్స్ఎఫ్ ఫైల్ (క్యాడ్ డ్రాయింగ్) ఎక్కించగానే మనిషి చెయ్యి పడకుండా జీ-కోడ్, అంటే మెషిన్ చదివే ప్రోగ్రామ్, వచ్చే సదుపాయాన్ని ఆపేశాం. మళ్లీ మొదలుపెట్టే ఆలోచన లేదు. ఇకనుంచి ప్రతి ఫైల్‌నీ మా ప్రోగ్రామర్ తెరిచి చూశాకే బయటికి వెళ్తుంది. రాత్రి పంపి తెల్లారేసరికి ప్రోగ్రామ్ తీసుకునే వీలు దీంతో పోతుంది. మీలో చాలామంది షిఫ్టులు దాని మీదే నడుస్తున్నాయని తెలుసు. అందుకే ఏం జరిగిందో పూర్తిగా రాస్తున్నాం.

కొందరి ప్లేట్లలో లొకేటింగ్ హోల్ (ప్లేట్‌ను సరైన చోట కూర్చోబెట్టే పిన్ దిగే హోల్) ఉండాల్సిన వైపు కాక ఎదుటి వైపు పడింది. ప్లేట్ కొలత సరిగ్గానే ఉంది. మూలల రేడియస్, హోళ్ల సంఖ్య, వాటి సైజు అన్నీ సరిపోయాయి. వెర్నియర్ పెట్టి దగ్గరి అంచు నుంచి కొలిస్తే ఆ దూరమూ కరెక్టే. వైపు ఒక్కటే మారింది. ఫిక్చర్ (ప్లేట్‌ను పట్టి ఉంచే బిగింపు) మీద పెట్టి పిన్ దిగనప్పుడు గానీ అది బయటపడలేదు.

డీఎక్స్ఎఫ్ చదవడానికి మేం బయటి సంస్థ తయారుచేసిన రీడర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లం. తప్పు దాని కొత్త వెర్షన్‌తో వచ్చింది. డీఎక్స్ఎఫ్‌లో సర్కిల్, ఆర్క్, పాలీలైన్ లాంటివాటికి సెంటర్, రేడియస్‌తో పాటు అవి ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉన్నాయో చెప్పే మూడు అంకెలు కూడా ఉండొచ్చు. 210, 220, 230 అనే గ్రూప్ కోడ్‌ల కింద అవి ఉంటాయి. మామూలుగా ఆ విలువలు 0, 0, 1. అలా ఉన్నప్పుడు చాలా సాఫ్ట్‌వేర్‌లు అసలు రాయవు కూడా. కానీ డ్రాయింగ్‌ను 3డీలో 180 డిగ్రీలు తిప్పినా, మోడల్ అడుగు ముఖం నుంచి గీతలు ఎగుమతి చేసినా అవి 0, 0, -1 కావచ్చు. అప్పుడు ఫైల్‌లో రాసిన ఎక్స్ విలువ గుర్తు మార్చి చదవాలి. ఫైల్‌లో సెంటర్ -70, 30 అని ఉంటే అసలు చోటు 70, 30 అన్నమాట. కొత్త వెర్షన్ ఆ మూడు అంకెలను పట్టించుకోవడం మానేసింది. -70 అని ఉన్నదాన్ని -70గానే తీసుకుంది.

ఇందులో మెలిక ఏమిటంటే, మామూలు గీతకు, అంటే లైన్‌కు, ఈ నియమం వర్తించదు. దాని రెండు కొసలూ ఎప్పుడూ అసలు కోఆర్డినేట్లలోనే ఉంటాయి. కాబట్టి ఆ రీడర్ చదివితే లైన్లు చోటులోనే ఉంటాయి, సర్కిళ్లు, ఆర్క్‌లు మాత్రం ఎక్స్ సున్నాకు అవతలి పక్కకు దూకుతాయి. చాలా డ్రాయింగ్‌లలో అలా దూకితే ఆకారం చెదిరిపోయి, కాంటూర్ (ఆకారపు చుట్టు గీత) మూసుకోలేదన్న హెచ్చరిక వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోయేది. షీట్ హద్దు దాటిన కోఆర్డినేట్ వచ్చినా ఆగిపోయేది. జీరోను ప్లేట్ మధ్యలో పెట్టి, ఎడమా కుడీ సమానంగా ఉన్న ఆకారం గీసినవాళ్లకు మాత్రం ఏ హెచ్చరికా రాలేదు. కుడి మూల ఆర్క్ వెళ్లి ఎడమ మూలలో అతికినట్టు కూర్చుంది, ఎడమది కుడికి వచ్చింది. అవుట్‌లైన్ చక్కగా మూసుకుంది. ఒక పక్కనే ఉన్న హోల్ మాత్రం రెండో పక్కకు చేరింది.

ప్లేటును బోర్లా తిప్పి వాడుకోవచ్చు కదా అని అడిగారు కొందరు. హోళ్లన్నీ ఆర్‌పార్ (ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా) అయి, లైన్లతో గీసిన కిటికీ గానీ, పై ముఖం మీద అక్షరాలు గానీ లేకపోతే తిప్పి వాడుకోవచ్చు, ఆ ప్లేట్లు పారేయకండి. కౌంటర్‌సింక్, బ్లైండ్ హోల్, పాకెట్ లాంటి ఒక ముఖానికే ఉండేవి ఉంటే తిప్పినా పనికిరాదు. లైన్లతో గీసిన దీర్ఘచతురస్రపు కిటికీ ఒక పక్కకు ఉంటే అది కదల్లేదు, హోల్ కదిలింది. అలాంటి ప్లేట్ ఎటు తిప్పినా స్క్రాపే. ఈ కారణంగా స్క్రాప్ అయిన ప్లేట్లకు మెటీరియల్ మేమే ఇస్తున్నాం. ఇప్పటికే అడిగినవాళ్లకు ఇచ్చాం, మిగతావాళ్లూ మొహమాటపడకుండా అడగండి.

సమస్యను ఫైల్‌తో సహా సరఫరాదారుకు పంపితే, "మీ కస్టమర్ల ఫైళ్లు ప్రామాణికంగా లేవు" అన్నది జవాబు. ఈ మాట మాకు గట్టిగానే తగిలింది, ఎందుకంటే అది నిజం కాదు. డీఎక్స్ఎఫ్‌ను ఆటోడెస్క్ సంస్థ 1982లో ఆటోక్యాడ్‌తో పాటు తెచ్చింది. దాని నియమాలు అచ్చులో అందరికీ దొరుకుతాయి. ఈ 210 కోడ్ అందులో పేరు పెట్టి రాసి ఉంది, ఆటోక్యాడ్ ఆర్12 వెర్షన్ నాటి పాత ఫైళ్లలోనూ ఉంది. మీరు పంపినవి నియమం ప్రకారం ఉన్న ఫైళ్లు. వాటిని చదవలేకపోయింది ఆ రీడర్. పైగా పాత వెర్షన్ ఇవే ఫైళ్లను సరిగ్గా చదివింది. తర్వాత వాళ్లు పంపిన సవరణలో సర్కిళ్లతో పాటు లైన్లను కూడా తిప్పేశారు. అంటే లైన్‌కు ఆ నియమం వర్తించదన్న సంగతి చూడకుండానే సరిచేశామని పంపారు. దాంతో వాళ్లతో పని ముగించాం. ఇంకో సవరణ వచ్చినా ఆ రీడర్‌ను మళ్లీ వాడం.

అసలు తర్జనభర్జన అంతా ఆ తర్వాతే. ఆటోమేటిక్ సదుపాయాన్ని ఉంచి దానికి ఒక తనిఖీ జోడించాలా, పూర్తిగా తీసేయాలా?

230 కింద -1 కనిపిస్తే ఫైల్‌ను ఆపేసే చిన్న తనిఖీ రాయడం కష్టం కాదు, రాశాం కూడా. కానీ ఆకారం అద్దంలో బొమ్మలా మారడానికి అదొక్కటే దారి కాదు. బ్లాక్‌ను (ఒక్కటిగా కట్టిన గీతల గుంపును) ఎక్స్‌లో -1 స్కేల్‌తో చొప్పించినా అదే జరుగుతుంది, అప్పుడు 230 విలువ మామూలుగానే ఉండొచ్చు. మోడల్ రెండు ముఖాల్లో తప్పుదాన్ని ఎగుమతి చేసినా అంతే, అందులో ఏ కోడూ తేడాగా కనిపించకపోవచ్చు. ఇకపోతే మేం ముందు నుంచీ నడిపిన తనిఖీలు వైశాల్యం, చుట్టుకొలత, మొత్తం పొడవు వెడల్పులు. సగంలో తెగిన కాంటూర్, తప్పిన స్కేల్ లాంటివాటిని అవి బాగా పట్టాయి. అద్దం తప్పును మాత్రం ఈ మూడూ పట్టవు. తిరగబడ్డ ఆకారానికీ వైశాల్యం అంతే, చుట్టుకొలత అంతే, పొడవు వెడల్పులూ అంతే. హోల్ ఏ పక్కన ఉండాలన్నది డ్రాయింగ్ చూసే మనిషికే తెలుస్తుంది. ఈ ఒక్క కారణం మీద నిర్ణయం తీసుకున్నాం. వేగం కోసం వేరేచోటికి వెళ్లేవాళ్లు ఉంటారని తెలిసే తీసుకున్నాం.

ఇప్పుడు మీ ఫైల్‌ను ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు రీడర్లతో చదివిస్తున్నాం. రెండింటి నుంచీ ప్రతి హోల్ సెంటర్ విలువలు తీసి పోలుస్తాం. 0.001 మి.మీ. కంటే తేడా వస్తే పని అక్కడే ఆగుతుంది. తర్వాత ప్రోగ్రామర్ మీ పీడీఎఫ్ డ్రాయింగ్‌తో పక్కపక్కన పెట్టి చూస్తారు. జీ-కోడ్ తయారయ్యాక ఆ కోడ్ నుంచే బొమ్మను తిరిగి గీయించి అసలు డ్రాయింగ్ మీద పరుస్తాం. ఇది తప్పనిసరి, ఎందుకంటే మెషిన్ చదివేది కోడ్‌నే. డీఎక్స్ఎఫ్ తెర మీద ఎంత అందంగా కనిపించినా దానికి సంబంధం లేదు. చివరగా మీకు ఒక హోల్ పట్టిక వస్తుంది: నంబరు, ఎక్స్, వై, వ్యాసం, లోతు. మీరు చూసి సరే అంటేనే ప్రోగ్రామ్ విడుదల చేస్తాం. పాత కస్టమర్లైనా ఈ అడుగు తప్పదు.

యూనిట్ల సంగతి క్లుప్తంగా. ఫైల్ హెడర్‌లో ఇన్స్‌యూనిట్స్ విలువ 4 అంటే మి.మీ., 1 అంటే అంగుళం. 0 ఉంటే, లేదా ఆ వరుసే లేకపోతే, ఊహించం, మిమ్మల్ని అడుగుతాం. 25.4 రెట్ల తేడా వెంటనే కంటికి కనిపిస్తుంది కాబట్టి దానివల్ల నష్టం అరుదు.

వంపుల విషయం వేరు, అక్కడ ఫిర్యాదులు నిజంగానే వచ్చాయి. స్ప్లైన్‌ను, అంటే ఒకే రేడియస్ లేని వంపును, చాలా మెషిన్ కంట్రోళ్లు నేరుగా నడపలేవు, గీతలుగానో ఆర్క్‌లుగానో విరగ్గొట్టాలి. గీత పొడవు వర్గాన్ని రేడియస్‌కు 8 రెట్లతో భాగిస్తే గీతకూ వంపుకూ మధ్య ఎడం వస్తుంది. 50 మి.మీ. రేడియస్ మీద 2 మి.మీ. గీతలు వేస్తే ఎడం 0.01 మి.మీ. టాలరెన్స్‌ను (ఒప్పుకునే ఎడాన్ని) 0.1కి వదిలితే గీత 6.3 మి.మీ. అవుతుంది, వేలితో తడిమినా పలకలు తెలుస్తాయి. అలాగని మరీ సన్నగా విరగ్గొట్టినా చిక్కే. 0.1 మి.మీ. గీతలను నిమిషానికి 3000 మి.మీ. ఫీడ్‌తో (టూల్ కదిలే వేగంతో) నడపాలంటే కంట్రోల్ సెకనుకు 500 బ్లాకులు, అంటే ప్రోగ్రామ్ వరుసలు, చదవాలి. 9600 బాడ్ సీరియల్ కేబుల్ మీద ప్రోగ్రామ్ అందుకునే పాత మెషిన్‌కు సెకనుకు సుమారు 960 అక్షరాలే వస్తాయి. బ్లాకుకు 20 అక్షరాలనుకుంటే 48 బ్లాకులు, అంటే ఫీడ్ నిమిషానికి 300 మి.మీ. కూడా దాటదు. టూల్ ఆగి ఆగి నడుస్తుంది, ఆగిన ప్రతిచోటా ఉపరితలం మీద గుర్తు పడుతుంది. ఆపరేటర్ స్పిండిల్‌నో టూల్‌నో అనుమానిస్తాడు, తప్పు మాత్రం ఫైల్‌లో ఉంటుంది.

అందుకని స్ప్లైన్‌లను వీలైనంతవరకు జీ02, జీ03 ఆదేశాలతో నడిచే ఆర్క్‌లుగా మారుస్తున్నాం. టాలరెన్స్ 0.01 మి.మీ.గా పెడతాం, మీ డ్రాయింగ్ ఇంకా బిగువుగా అడిగితే చెప్పండి. మరీ చిన్న ఆర్క్‌లను మాత్రం గీతలుగానే వదిలేస్తాం. మూడు దశాంశాలకు కుదించినప్పుడు మొదటి కొస నుంచి లెక్కేసిన రేడియస్‌కూ చివరి కొస నుంచి లెక్కేసినదానికీ తేడా వస్తుంది. ఆ తేడా హద్దు దాటితే ఫానక్ కంట్రోల్ 020 అలారం ఇచ్చి ఆగిపోతుంది. సీఎన్‌సీ రౌటర్లు వాడేవాళ్లు ఇంకో మాట చెప్పాలి: ఆర్క్ సెంటర్ ఎక్కడో చెప్పే ఐ, జే విలువలను మీ కంట్రోల్ ఆర్క్ మొదలు నుంచి లెక్కిస్తుందా, జీరో నుంచి లెక్కిస్తుందా? అది తప్పితే చిన్న వంపు కాస్తా పెద్ద సర్కిల్‌గా షీట్ మధ్య నుంచి పోతుంది. కంట్రోల్ మోడల్ రాసి పంపితే చాలు, మిగతాది పోస్ట్ ప్రాసెసర్‌లో (కోడ్‌ను మీ మెషిన్‌కు తగ్గట్టు రాసే సాఫ్ట్‌వేర్‌లో) మేం పెట్టుకుంటాం.

మీ నుంచి కావాల్సినవి కొన్ని. డీఎక్స్ఎఫ్‌తో పాటు వీలైతే స్టెప్ ఫైల్ కూడా పంపండి, దానిలో ఏపీ214 రకం గానీ ఏపీ242 రకం గానీ. అది 3డీ ఘనం కాబట్టి హోల్ ఏ పక్కదన్నది దాంతో విడిగా సరిచూసుకోవచ్చు. పీడీఎఫ్‌లో ఏది పై ముఖమో రాయండి. ట్యాప్ హోళ్లు (లోపల మరలు కోయాల్సినవి) విడిగా చెప్పండి: మోడల్‌లో 6.8 మి.మీ. సిలిండర్ ఉంటే అది ఎం8 ట్యాప్ కోసమా, ఉత్త హోలా అన్నది మామూలుగా పంపే స్టెప్ ఫైల్ చెప్పదు. ఎస్టీఎల్ ఫైల్ మాత్రం మిల్లింగ్‌కు పంపొద్దు. అందులో త్రిభుజాలు తప్ప ఏమీ ఉండవు, యూనిట్లు కూడా ఉండవు. 10 మి.మీ. హోల్ అందులో బహుభుజిగా మారిపోయి ఉంటుంది, దానికి సెంటర్ ఎక్కడో, వ్యాసం ఎంతో మేం ఊహించాల్సి వస్తుంది. ఆ ఊహ మీద మీ మెటీరియల్ పెట్టం.

పాత ప్రోగ్రామ్‌లు వాడుతున్నవాళ్లు, ముఖ్యంగా రిపీట్ ఆర్డర్లు నడుపుతున్నవాళ్లు, సైకిల్ స్టార్ట్ నొక్కేముందు ఒక పని చేయండి. అసలు డీఎక్స్ఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి 230 కోసం వెతకండి. ఆ కోడ్ విడిగా ఒక వరుసలో ఉంటుంది, దాని కింది వరుసలో -1 గానీ -1.0 గానీ ఉంటే ఆ ప్రోగ్రామ్ నడపొద్దు, నంబరు మాకు పంపండి. పైన చెప్పిన తప్పుకు ఈ గుర్తు సరిపోతుంది. ఫైల్ తెరిస్తే అర్థంకాని అక్షరాలు కనిపించాయంటే అది బైనరీ డీఎక్స్ఎఫ్, దాన్ని మీరు అలా వెతకలేరు, అలాగే పంపేయండి. అలాంటి ప్రోగ్రామ్‌లను కొత్తగా వచ్చిన పనుల కంటే ముందు తీసుకుని, హోల్ పట్టికతో సహా తిరిగి ఇస్తున్నాం. దీనికి డబ్బు తీసుకోం.