బుజ్జికి, తార్నాక నుంచి

బుజ్జితల్లీ,

ఇక్కడ వానలు మొదలయ్యాయి. రాజు మామయ్య మోకాలు నయం. నీ ఫోనే లేదు. పద్మ పిన్ని ఏదో అంది: ఉమ్మి పరీక్ష చేయించుకున్నావట, బరువుతో ముడిపడ్డ ఎఫ్‌టీఓ అనే జన్యువు రెండు కాపీలూ (అమ్మానాన్నల నుంచి చెరొకటి) లావు రకమే అని వచ్చిందట, రాత్రి భోజనం మానేశావట. సరేలే, అది నువ్వు ఫోను చేసినప్పుడు మాట్లాడదాం.

కానీ తల్లీ, 2007లో ఆ జన్యువు సంగతి బయటపడినప్పుడు తేలిన తేడా ఎంతో తెలుసా? ఆ రకం రెండు కాపీలూ ఉన్నవాళ్లు, ఒక్కటీ లేనివాళ్లకంటే సగటున 3 కిలోలు ఎక్కువ. అంతే. అది పనిచేసేది కూడా ఎక్కువగా ఆకలి మీదే. అందుకే నాకీ బెంగ.

ఆకలి ఎలా నడుస్తుందో చెప్తా విను. 1949లో అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో ఒక చిట్టెలుక కనబడింది. ఎంత తిన్నా ఆకలి తీరదు, బరువు మామూలువాటికి రెండు మూడింతలు. తర్వాత డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త అలాంటి ఎలుకనీ మామూలు ఎలుకనీ పక్కపక్కన కలిపి కుట్టి, ఒకదాని రక్తం రెండోదానికి అందేలా చేశాడు. లావు ఎలుక తిండి తగ్గించింది! రక్తంలో ‘ఇక చాలు’ అని చెప్పేదేదో ఉందన్నమాట. అదేమిటో తేలింది 1994లో. జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం ఆ లావు ఎలుకల్లో చెడిన జన్యువును పట్టుకుంది. ఇది నీ ఎఫ్‌టీఓ కాదు, వేరేది. ఆ జన్యువు చేయించే హార్మోనే లెప్టిన్, మన కొవ్వు కణాల్లోనే తయారవుతుంది. పుట్టుకతో లెప్టిన్ లేని పిల్లలు చాలా అరుదు. వాళ్లకు లెప్టిన్ సూదులిస్తే ఆకలి అణిగింది. మిగతా లావుపాటివాళ్లలో లెప్టిన్ నిండుగానే ఉంటుంది, మెదడే దాని మాట వినదు.

ఇప్పుడు నీ రాత్రి భోజనం. పస్తులుంటే కొవ్వు కరగకముందే లెప్టిన్ పడిపోతుంది. ఆకలి పెరుగుతుంది, ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది, కండ కరుగుతుంది. లెక్చరనుకోకు. నాయనమ్మ వైపు వాళ్ల ఒళ్లు నీకు వచ్చి ఉండొచ్చు, కాదనను. కానీ బాగా నడిచేవాళ్లలో, ఒళ్లు వంచేవాళ్లలో ఎఫ్‌టీఓ ప్రభావం నాలుగో వంతు దాకా తగ్గుతుందని తేలింది.

కాటా ఎక్కడం మాని టేపు తీసుకో. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యన, ఊపిరి వదిలాక, బిగించకుండా చుట్టు. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే పరగడుపున షుగరు, థైరాయిడ్ చూపించు.

రాత్రికి రెండు పుల్కాలు, గిన్నెడు పప్పు, గుడ్డు. అన్నమే కావాలంటే పెరుగన్నం. పద్మ పిన్ని చెప్పింది నిజమేనా? ఆదివారం ఫోను చెయ్యి, కొలతెంతో చెప్పు.

అమ్మ